స్లాబుకూ కిస్తుకూ మధ్య: మహబూబ్‌నగర్‌లో ఒక ఇంటి కేస్ స్టడీ

ముందు ఇంటి వివరాలు. మహబూబ్‌నగర్ పట్నం అంచున, ఒకప్పుడు గ్రామ పంచాయతీగా ఉండి తర్వాత మున్సిపాలిటీలో కలిసిన చోట 200 గజాల ప్లాటు. వెడల్పు 30 అడుగులు, లోతు 60. ముందు 25 అడుగుల రోడ్డు, రోడ్డు వెంబడే 11 కేవీ కరెంటు లైను. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. యజమాని సర్కారు బడిలో పంతులు. అంచనా 40 లక్షలు, అందులో బ్యాంకు అప్పు 30. 2023 దసరాకు పునాదికి ముగ్గు పోశారు. మరుసటి శ్రావణంలో గృహప్రవేశం అనుకున్నారు. చివరికి మార్గశిరంలో పాలు పొంగించారు.

ఎందుకు ఆలస్యమైందని ఆ గల్లీలో ఎవరిని అడిగినా "మున్సిపాలిటోళ్ళొచ్చి ఆపిన్రు" అనే చెప్తారు. సైటు డైరీలో లెక్క అట్లా లేదు. మున్సిపల్ తనిఖీ వల్ల పోయింది దాదాపు రెండు వారాలు. వానలకూ పండుగలకూ పోయింది ఎవరికైనా పోయేదే. మిగిలినదంతా ఒకే చోట పోయింది: స్లాబు పడ్డదని మేస్త్రి పైసలు అడిగే రోజుకూ, పడ్డదని బ్యాంకు ఒప్పుకొని పైసలు వేసే రోజుకూ నడుమ. కట్టేవాళ్ళలో చాలామంది తనిఖీ చేసేవాళ్ళకు భయపడతారు. ఇంజినీరుగా నా అనుభవంలో భయపడాల్సింది ఈ నడిమి రోజులకు.

పర్మిషన్ సరిగ్గానే ఉంది, ముగ్గు సరిగ్గా లేదు

పర్మిషన్ టీఎస్-బీపాస్‌లో, అంటే తెలంగాణ ఆన్‌లైన్ ఇంటి అనుమతి పద్ధతిలో వచ్చింది. 75 గజాల లోపు ప్లాటైతే రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. మన ప్లాటు 167 చదరపు మీటర్లు కాబట్టి రెండో కోవ. వెంచర్‌కు లేఅవుట్ లేదు గానీ 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు పెట్టి ఉన్నారు. క్రమబద్ధీకరణ రుసుము పర్మిషన్ వేళ కట్టేశారు. కాగితాల వైపు ఇబ్బందేమీ లేదు.

వెంటనే అనుమతి వచ్చేసరికి ఇక ఎవరూ రారనుకుంటారు. ముందు చూసి ఇచ్చే పద్ధతి పోయి, ఇచ్చి తర్వాత చూసే పద్ధతి వచ్చిందంతే. 21 రోజుల్లో సైటుకు వచ్చి, రాసిచ్చిన దానికీ నేల మీద ఉన్నదానికీ తేడా ఉంటే అనుమతి రద్దు చేసే అధికారం 2020 చట్టంలోనే ఉంది. 2025లో దాని స్థానంలో బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ పద్ధతి వచ్చి స్క్రీన్లు మారాయి. నేల మీద టేపు పెట్టి చూసేవాళ్ళు మాత్రం ఉన్నారు.

ఇక్కడ జరిగింది ఇది. ప్లాన్‌లో రోడ్డును 9 మీటర్లుగా చూపించారు. ఉన్నది 25 అడుగులే కాబట్టి రోడ్డు నడిమధ్య నుంచి 4.5 మీటర్లు వదలాలి. అంటే ప్లాటు హద్దు నుంచి లోపలికి దాదాపు రెండుంపావు అడుగులు రోడ్డుకే పోతుంది. దాని తర్వాత ముందు సెట్‌బ్యాక్ (ఖాళీగా వదలాల్సిన జాగా) మీటరున్నర. మిగతా మూడు వైపులా మీటరు చొప్పున. ప్లాన్ గీసినాయన ఇదంతా సరిగ్గానే గీశారు. దసరా ముహూర్తం దాటిపోతుందని తెల్లారగట్ల ముగ్గు పోసింది మాత్రం మేస్త్రి. ఆయన ప్లాటు హద్దు కడీల (రాళ్ళ) నుంచి ఐదడుగులు కొలిచి పోశాడు. రోడ్డు మధ్య నుంచి కొలవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ప్లాన్ మడతపెట్టి పంతులు గారి బీరువాలో ఉంది.

టౌన్ ప్లానింగ్ వాళ్ళు వచ్చేసరికి గుంతలు తీసి ఉన్నాయి, కాంక్రీటు పడలేదు. టేపు పట్టి, ముందు వరుస గుంతలు రెండుంపావు అడుగులు బయటికి ఉన్నాయని చెప్పి, సరిచేసి ఫొటోలు పెట్టమన్నారు. నన్ను పిలిచింది అప్పుడే. పంతులు గారు ఫోనులో అన్న మొదటి మాట: "సార్, ఎవరితోనన్న మాట్లాడితే అయితదా?"

మాట్లాడేదేం లేదని, గుంతలు జరపడమే చౌక అని చెప్పాను. గుంత జరపడానికి అయ్యేది జేసీబీ కిరాయి, రెండు మూడు రోజుల కూలీ. అదే పిల్లర్లు లేచాక తెలిసి ఉంటే ఏమయ్యేదో లెక్క వేయనక్కర్లేదు. వెనక మీటరు కంటే ఎక్కువ జాగా మిగిలి ఉంది కాబట్టి ఇల్లు మొత్తాన్ని వెనక్కి జరిపాం. గదుల కొలతల్లో అంగుళం కూడా పోలేదు. రోడ్డు మధ్య నుంచి టేపు పెట్టి, అంకె కనపడేట్టు ఫొటోలు తీసి, ఒక పేజీ జవాబుతో పెట్టాం. ఆ తర్వాత ఆ వైపు నుంచి మళ్ళీ పిలుపు రాలేదు.

అప్పటి నుంచి నా సైట్లలో ముగ్గు రోజున ప్లాన్ నకలు ఒకటి ప్లాస్టిక్ కవరులో పెట్టి సైటులోనే కడీకి కట్టిస్తున్నాను. ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టి ఈశాన్యంలో ఒక గడ్డపార వేస్తే శాస్త్రం తీరిపోతుంది. గుంతల మార్కింగ్ ఆ రోజే కావాలని ఏ పంచాంగంలోనూ లేదు.

వెనక మూల గుంత

గుంతలు జరపడంతో ఇంకొకటి బయటపడింది. మహబూబ్‌నగర్ చుట్టూ చాలాచోట్ల మూడు నాలుగు అడుగులకే గట్టి మొరం, కొన్నిచోట్ల షీట్ రాక్ (పరుపు బండ) తగులుతుంది. ఇక్కడా ముందు వైపు అదే తగిలింది. వెనక ఎడమ మూల కొత్త గుంతలో మాత్రం ఐదడుగులు పోయినా చేతికి పొడిపొడిగా మట్టి, మధ్యలో పెంకులు, ప్లాస్టిక్ కవర్లు. పక్కింటి ముసలాయన్ని అడిగితే, ఆ వైపు ఒక దిగుడు బావి ఉండేదని, వెంచర్ వేసినప్పుడు పూడ్చారని చెప్పాడు.

పంతులు గారికి కోపం వచ్చింది. "పాత గుంతకాడ మొరమే ఉండె గద సార్. వాళ్ళు జరపమనకపోతే ఈ తిప్పలు లేకపోవు." పాత గుంత అడుగున మొరమే ఉంది నిజమే, కానీ దాని వెనక గోడను ఆనుకునే పూడ్చిన మట్టి మొదలవుతోంది. పునాది అంచు మొరం మీద, పక్కన ఆధారం లేని వదులు మట్టి. ఒక్క గట్టి వాన పడి ఆ పూడిక కిందికి దిగితే మూల పిల్లరు ఏమవుతుందో చూపించడానికి గుంతలోకి దింపి గడ్డపార చేతికిచ్చాను. చెప్పడం కంటే అది పనిచేసింది.

మేస్త్రి ఇసుక పోసి నీళ్ళు పెట్టి దిమ్మిస కొడతానన్నాడు. ఎవరి వెనక గోడకో అది సరిపోతుంది, రెండంతస్తుల పిల్లరుకు సరిపోదు. పూడిక మొత్తం తీయించి, గట్టి నేల తగిలేదాకా పోయి, అక్కడి నుంచి పెద్ద రాళ్ళు వేసిన సాదా కాంక్రీటుతో ఫుటింగ్ (పిల్లరు పాదం) మట్టం వరకు పైకి తెచ్చాం. ప్లింత్ బీముతో (ఇంటి నేల మట్టంలో వేసే బీము) అన్ని పిల్లర్లనూ కట్టేశాం. దీనికి పోయిన రోజులు ఆలస్యం ఖాతాలో రాయను. అవి ఇంటి రోజులు.

తర్వాత దీపావళి వచ్చింది, కురుమూర్తి జాతర వచ్చింది, పత్తి ఏరుడు మొదలైంది, నవంబర్ 30న అసెంబ్లీ పోలింగ్ వచ్చింది. పంతులు గారికి ఎన్నికల డ్యూటీ, కూలీలకు ఊరి ప్రయాణం. పాలమూరు లేబర్ దేశమంతా డ్యాములు, కాలువలు కట్టింది. పాలమూరు పట్నంలో మాత్రం నవంబర్‌లో సెంట్రింగ్ (స్లాబు కింద చెక్క కట్టే) గ్యాంగు దొరకడం కష్టం. షెడ్యూలు రాసేటప్పుడు ఆ నెలను సగం నెలగానే రాసుకోవాలి.

మొదటి స్లాబు: ఇల్లు నిజంగా ఆగిన చోటు

2024 మార్చిలో మొదటి స్లాబు. ఇక్కడే వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన వాటిలో చాలా ఇళ్ళు ఆగేది ఇక్కడే.

బ్యాంకు తీరు ఇది. యజమాని వాటా 10 లక్షలు ముందు ఖర్చు కావాలి. ఆ తర్వాత దశలవారీగా వాళ్ళ వాల్యుయర్ (పనికి విలువ కట్టే మనిషి) వచ్చి చూసి, ఎంత శాతం పని అయిందో రాసిస్తే కిస్తు, అంటే అప్పులో ఒక భాగం, వదులుతారు. ఒప్పంద పత్రంలో రెండో కిస్తు 'రూఫ్ లెవెల్' అని ఉంది. వాల్యుయర్ దృష్టిలో అది కింది చెక్క తీశాక, స్లాబు అడుగు కనపడ్డాక.

మేస్త్రి ఒప్పందం వేరే. చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకున్న కూలీలో అన్నిటికంటే పెద్ద భాగం స్లాబు పడ్డ రోజు సాయంత్రం ఇవ్వాలి. అన్యాయమేమీ కాదు. మిల్లరు (కాంక్రీటు కలిపే మిషను), లిఫ్టు, పాతిక ముప్ఫై మంది కూలీలు, వాళ్ళ అన్నం, అన్నీ ఆ రోజే ఆయన చేతి నుంచి పోతాయి. సెంట్రింగ్ ఆయనకు షీట్ల అద్దె తోడు.

ఇక నా వైపు నుంచి ఇంజినీరింగ్ లెక్క. కాంక్రీటు పనికి భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్లాబుకు కింది పోట్లు (స్లాబును మోసే ఆధారాలు) ఏడు రోజులు, దాటితే 14 రోజులు, ఆరు మీటర్ల లోపు బీములకు 14 రోజులు ఉండాలి. మన హాలు వెడల్పు 15 అడుగులు, అంటే 4.5 మీటర్ల గీత మీద కొంచెం అవతలే. పైగా ఆ రోజులు మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుకు చెప్పినవి. వాడింది పీపీసీ (పోజోలానా కలిపిన సిమెంటు), నెమ్మదిగా గట్టిపడేది. కాబట్టి మూడు వారాలు పోట్లు కదలొద్దని రాసిచ్చాను.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మేస్త్రికి పైసలు మొదటి రోజు కావాలి. వాల్యుయర్ చూసేది మూడు వారాల తర్వాత. ఆయన రిపోర్టు బ్రాంచికి చేరి, అక్కడి నుంచి లోన్ల సెక్షన్‌కు పోయి, ఖాతాలో పడేసరికి ఇంకొన్ని రోజులు. పంతులు గారి సొంత డబ్బు, బ్యాంకు ముందే ఖర్చు పెట్టించింది కాబట్టి, ప్లింత్ దాటేసరికే అయిపోయింది. మేస్త్రి ఒక వారం చూశాడు, రెండో వారం జడ్చర్లలో ఇంకో సైటు పట్టుకున్నాడు. కిస్తు పడ్డాక ఫోను చేస్తే, "ఆడ స్లాబు పడాలె సారూ, అయినంక వస్త" అన్నాడు. వచ్చేసరికి మే 13 లోక్‌సభ పోలింగ్ కూడా అయిపోయింది. ఈలోపు పంతులు గారు కిరాయింటి అద్దె, విడుదలైన అప్పు మీద వడ్డీ, రెండూ కడుతూనే ఉన్నారు.

మధ్యలో సెంట్రింగ్ ఆయన ఒత్తిడి ఒకటి. షీట్లు ఇంకో చోట కావాలి, పన్నెండో రోజే చెక్క తీసేస్తానన్నాడు. "అందరిండ్లకు గట్లనే తీస్తం, ఏ ఇల్లన్న కూలిందా?" కూలకపోవచ్చు. కానీ హాలు నడిమి వంగుతుంది, రెండేళ్ళకు అడుగున వెంట్రుక పగుళ్ళు వస్తాయి, అప్పుడు ఎవరి ఫోనూ కలవదు. అదనపు రోజుల అద్దె పంతులు గారితో ఇప్పించి ఆ గొడవ ముగించాను. ఇల్లు మొత్తం ఖర్చులో అది చాలా చిన్న మొత్తం, అందుకే దీన్ని ఒప్పందంలో ముందే రాసుకోవాలి. సెంట్రింగ్ అద్దె రోజులకు కాకుండా 'ఇంజినీరు తీయమన్న రోజు వరకు' అని.

స్లాబు ముందు రోజు తనిఖీ

ఆగిన కథతో పాటు ఆగకూడని ఒక తనిఖీ గురించి. ఇనుము చూడడం స్లాబు రోజు పొద్దున కాదు, ముందు రోజు మధ్యాహ్నం. మిల్లరు సైటుకు వచ్చి, కూలీలు తట్టలు పట్టుకుని నిలబడ్డాక ఇంజినీరు ఏం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు. పెళ్ళి పందిట్లో కట్నం లెక్క తీసినట్టే అవుతుంది.

ఈ ఇంట్లో ముందు రోజు దొరికినవి: కవరు బ్లాకులకు (చువ్వకూ చెక్కకూ మధ్య ఎడం ఉంచే దిమ్మలు) బదులు అక్కడక్కడా కంకర ముక్కలు పెట్టారు. ఒక బీములో రింగుల కొసలు 135 డిగ్రీలు లోపలికి వంచకుండా బయటికి వదిలేశారు. బాల్కనీ పైవరుస చువ్వలు, కూలీలు తొక్కడం వల్ల, అడుగుకు దిగిపోయి ఉన్నాయి. ఈ మూడోదే అన్నిటికంటే ప్రమాదం. బాల్కనీలో లాగుడంతా పైన ఉంటుంది, చువ్వ కిందికి పోతే అది ఉన్నా లేనట్టే. చైర్లు (పై చువ్వలను నిలబెట్టే ఇనుప ఊతలు) పెట్టించి పైకి లేపి కట్టించాం. కరెంటు పైపులు, ఫ్యాను బాక్సులు, బాత్‌రూం దగ్గర కిందికి దించిన స్లాబు మట్టం, అవి సరిగ్గానే ఉన్నాయి. సాయంత్రానికి మేస్త్రి సంతకం, పంతులు గారి సంతకం, నాది, మూడూ ఒకే కాగితం మీద.

స్లాబు రోజున అదే కాంక్రీటుతో ఘనాలు (క్యూబులు) పోసి ఉంచాం, 28 రోజులకు బలం పరీక్షకు ఇచ్చాం. మార్చి ఎండలో పీపీసీ స్లాబుకు మళ్ళు కట్టి రెండు వారాలు నీళ్ళు నిలపడం తప్పదు. ఆ పని మాత్రం పంతులు గారి అత్తగారు చూసుకున్నారు. ఆమె కంటే నమ్మకమైన క్యూరింగ్ మనిషి నాకు ఇంతవరకు దొరకలేదు.

రెండో స్లాబుకు మార్చినవి

మేస్త్రి తిరిగి వచ్చాక, పై అంతస్తు మొదలయ్యే ముందు నలుగురం కూర్చున్నాం: పంతులు గారు, మేస్త్రి, సెంట్రింగ్ ఆయన, నేను. ఒక పెద్ద కాగితం మీద ప్రతి దశకూ ఎవరు ఏం చూడాలి, చూశారనడానికి ఏ కాగితం ఉండాలి, ఆ రోజు ఎవరికి ఎంత ముట్టాలి, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అని రాసుకుని గోడకు అంటించాం.

స్లాబు కూలీని మూడు ముక్కలు చేశాం. ఇనుము కట్టి తనిఖీలో పాసైతే ఒకటి, పోసిన రోజు ఒకటి, చెక్క తీసినాక ఒకటి. మేస్త్రి మొదట ఒప్పుకోలేదు. మొదటి ముక్క స్లాబు కంటే ముందే వస్తుందని చూపించాక ఒప్పుకున్నాడు. తనిఖీ పాసైతేనే పైసలు కాబట్టి, ఈసారి కవరు బ్లాకులు తానే పోయించి పెట్టాడు. నేను చెప్పిన దానికంటే ఆ ముక్క ఎక్కువ పని చేసింది.

బ్యాంకు మేనేజర్‌ను కలిసి అడిగింది ఒకటే: పోట్లు ఉండగానే వాల్యుయర్ వచ్చి పైనుంచి చూసి, ఇనుము ఫొటోలు, పోసిన రోజు ఫొటోలు, ఇంజినీరు సర్టిఫికెట్ తీసుకుని ఆ కిస్తులో కొంత భాగం వదలొచ్చా అని. ఆయన ఒప్పుకున్నారు. అన్ని బ్రాంచీలూ ఒప్పుకోవు. అందుకే ఈ మాట అప్పు మంజూరు కాగితం మీద సంతకం పెట్టకముందే అడగాలి. సంతకం అయ్యాక అది బతిమాలుకోవడం అవుతుంది. పూర్తి కిస్తు కోసం చెక్క తీసే తేదీ చెప్పి వాల్యుయర్‌ను ముందే రమ్మని రాయించాం. అదనంగా, పంతులు గారు చిట్టీ ఎత్తి వచ్చిన డబ్బులో ఒక స్లాబు కూలీకి సరిపడా పక్కన పెట్టారు, టైల్స్‌కు అందులోంచి తీయమని ఇంట్లో ఎంత అడిగినా ఇవ్వలేదు.

పోట్లు ఉన్న మూడు వారాలు లోపల గోడ పని నడవదు. ఆ రోజులకు సంపు, సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత, కాంపౌండు గోడ దాచిపెట్టాం. మామూలుగా ఇవి ముందే చేసేస్తారు, తర్వాత గ్యాంగుకు చేతిలో పని లేక పోతుంది. ఈసారి అదే గ్యాంగు ఇక్కడే ఉంది.

11 కేవీ లైను

ఇంటి ముందున్న లైను గురించి అందరూ భయపెట్టారు. 11 కేవీకి అడ్డంగా 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు దూరం ఉండాలి. ఇల్లు రెండుంపావు అడుగులు వెనక్కి పోవడం వల్ల పై బాల్కనీ అంచుకు ఆ దూరం మిగిలింది. లేకపోతే లైను జరిపించమని దరఖాస్తు, ఎస్టిమేట్, డిపాజిట్, వరుస కోసం ఎదురుచూపు. పంతులు గారు పైన బాల్కనీని ఇంకో రెండడుగులు పెంచుదామని అడిగారు, కుదరదన్నాను.

ఇల్లు పూర్తయ్యాక ఉండే దూరం ఒకటి, కట్టేటప్పటి ప్రమాదం ఒకటి. పై పిల్లర్లకు 40 అడుగుల చువ్వలు పైకి లేపే రోజు కొస ఎక్కడ తిరుగుతుందో ఎవరికీ తెలియదు. చువ్వలు కిందనే కావలసిన కొలతకు కోయించి పైకి పంపాం. ముందు వరుస పిల్లర్ల రోజు లైన్‌మన్‌తో మాట్లాడి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించడం) తీసుకున్నాం. కరెంటు లేదని గల్లీ వాళ్ళు తిట్టుకున్నారు.

మిగిలింది

జూన్ నుంచి వాగుల్లో నీళ్ళు, ఇసుక ఆగింది. కాంక్రీటు రోబో ఇసుకతో (రాయి నలగ్గొట్టి చేసిన ఇసుక) నడిపాం, ప్లాస్టరింగ్‌కు మాత్రం ఆగాం. శ్రావణం ముహూర్తం పోయింది. పంతులు గారి భార్య, "సున్నం వెయ్యకున్న పాలు పొంగిద్దాం" అన్నారు. తలుపులు బిగించకుండా చివరి కిస్తు రాదు, ఇల్లు చేరాక ఎవరికీ మిగిలిన పని మీద తొందర ఉండదు, మేస్త్రికి అసలే ఉండదు. మార్గశిరం దాకా ఆగారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు (ఇంట్లో ఉండొచ్చనే అనుమతి) దరఖాస్తు పెట్టిన రోజు సెట్‌బ్యాకుల ఫొటోలు, మళ్ళీ రోడ్డు మధ్య నుంచి టేపుతో సహా, ఫైల్లో రెడీగా ఉన్నాయి. ప్రశ్న రాలేదు.

మేస్త్రి మొత్తం కూలీలో కొంత ఒక వానకాలం గడిచేదాకా ఆపుకుంటామని గోడ కాగితంలో చివరి వరుసగా రాశాం. 2025 వానలకు మెట్ల మీది గది గోడకూ స్లాబుకూ కలిసే చోట చెమ్మ కనిపించింది. ఫోను చేసిన వారంలోనే వచ్చి, చెక్కి, వాటర్‌ప్రూఫ్ కలిపి పూసి పోయాడు. దసరాకు ఆ బాకీ ముట్టజెప్పాం.